గుడ్డిగాడిద లోయ చెత్తకుప్ప

మొగుడు పోయాడన్న దుఃఖం కంటే, పోయేముందు ఇంటి కాగితంలో తన పేరు రాయించలేదన్న కోపమే వెల్డాకు ఎక్కువగా ఉంది. దుఃఖం పొద్దునా సాయంత్రం వచ్చి పలకరించి పోయేది. కోపం మాత్రం సామానుతో సహా దిగి ఇంట్లోనే కాపురం పెట్టింది.

ఆమె భర్త ఓరిన్ గుడ్డిగాడిద లోయలో మూతపడిన వెండి గనికి కాపలాదారు. గని ఎందుకు మూతపడిందో కంపెనీలో ఎవరికీ గుర్తులేదు గానీ జీతం మాత్రం నెలనెలా పంపేవాళ్ళు. ఎవరికీ అక్కర్లేని ఆ గనిని ఓరిన్ యాభై ఏళ్ళకు పైగా కాశాడు. ఒక్క రాయి కూడా పోలేదు. రోజూ పొద్దుగూకేవేళ టోపీ పెట్టుకుని, "గని తాళం చూసొస్తా" అని వెళ్ళి, గంటకో గంటన్నరకో తిరిగొచ్చి, అరుగుదలకు మంచిదని పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తూ భోజనానికి కూర్చునేవాడు. తాళం చూడ్డానికి గంటన్నర ఎందుకని వెల్డా ఏనాడూ అడగలేదు. పనంటే అంత శ్రద్ధ ఉన్న మనిషి తనకు దొరికాడని లోలోపల గర్వపడేది.

కిందటేడు ప్రభుత్వం ఆ ఎడారి మొత్తాన్నీ నేషనల్ పార్కు చేసింది. గనీ లోయా వెల్డా వంటిల్లూ అన్నీ పార్కు కిందికి వచ్చాయి. పార్కువాళ్ళు మర్యాదస్తులే. ఓరిన్ బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండొచ్చని రాసిచ్చారు. ఓరిన్ సంతోషంగా సంతకం పెట్టి ఫిబ్రవరిలో కన్నుమూశాడు. పార్కుకు అంత చవగ్గా ఇంకే బేరమూ కుదిరి ఉండదు.

అక్టోబరు ఆఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యాలన్నారు. ఆ తర్వాత ఇంటిని పడగొట్టి, స్థలాన్ని ప్రకృతికి తిరిగి అప్పగిస్తారట. చుట్టూ కనుచూపు మేర ప్రకృతి ఖాళీగానే పడి ఉంది కదా, ఈ రెండు గదుల జాగా లేకపోతే దానికేం లోటో వెల్డాకు అర్థం కాలేదు. ఇక్కణ్ణుంచి కదిలితే ఆమె వెళ్ళాల్సింది ఓరిన్ తమ్ముడు క్లీటస్ దగ్గరికే. సోడా వెల్స్ ఊళ్ళో అతని పెరట్లో, పాత ఇంజన్ల మధ్య, ఒక రేకుల ట్రెయిలర్ ఖాళీగా ఉంది. "నీ ఇష్టమొచ్చినన్నాళ్ళు ఉండు వెల్డా" అన్నాడతను. ఆ మాట అన్నప్పటినుంచీ ఆమెకు రాత్రుళ్ళు సరిగా నిద్ర పట్టడం లేదు.

దారి చూపింది మిస్ టిలెట్. పార్కులో పాతకాలపు కట్టడాల వ్యవహారం చూసే అధికారి ఆమె. ముప్ఫయ్యేళ్ళ మనిషి, పెద్ద టోపీ, ముక్కు మీద ఎండ తగలకుండా తెల్లటి లేపనం. ఒక శనివారం పొద్దున్న వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగుతూ విషయం చెప్పింది.

"ఈ చోటుని చారిత్రక స్థలంగా గుర్తిస్తే ఎవరూ ముట్టుకోడానికి లేదండీ. ఇల్లు ఇలాగే ఉంచాలి. ఖాళీగా ఉంచితే ఎవడో ఒకడొచ్చి కిటికీలు పగలగొడతాడు. అందుకని ఎవరైనా కాపలాగా ఉండాలి. మీరుండగా మాకు ఇంకొకళ్ళెందుకు?"

"మరి నా ఇల్లు చరిత్రేనా?"

మిస్ టిలెట్ ఆశగా చుట్టూ చూసింది. "ఈ కిటికీలు మొదట్నించీ ఉన్నవేనా?"

"అయ్యో, కాదు. అల్యూమినియంవి. మా క్లీటస్ బిగించాడు. చీమ దూరదు."

"పైకప్పు?"

"అదీ వాడే. కొత్త రేకు. గోడలకి పలకలు కూడా మార్చాడు. తలుపు గడప కూడా."

"చాలా బాగా చేశారు" అంది మిస్ టిలెట్ దిగులుగా.

తర్వాత ఆమె ఇంటి వెనక్కి వెళ్ళింది. అక్కడొక వాగు ఉంది. నీళ్ళు ఎప్పుడో గాని రావు. గని తెరిచిన కాలం నుంచీ, అంటే వెల్డా పుట్టకముందు నుంచీ, క్యాంపులో తిన్న ప్రతివాడూ ఖాళీ డబ్బాను ఆ వాగులోకే విసిరాడు. గని మూతపడ్డాక వెల్డా విసిరింది. బీన్స్ డబ్బాలు, పాల డబ్బాలు, పొగాకు డబ్బాలు, చిల్లుపడిన కెటిల్, ఒంటి బూటు, ఒక మంచం కోడు. ఆ ఎండలో ఏదీ కుళ్ళదు, తుప్పు మాత్రం పడుతుంది. మిస్ టిలెట్ ఆ వాగు ఒడ్డునే ఉండిపోయింది. గంటసేపు అటూ ఇటూ తిరిగింది, వంగింది, మోకాళ్ళ మీద కూర్చుంది, ఒక్కటీ ముట్టుకోలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తున్న వెల్డాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

తిరిగొచ్చిన మిస్ టిలెట్ మొహం ఎర్రగా ఉంది. "గురువారం రాష్ట్ర కమిటీవాళ్ళని తీసుకొస్తానండీ. ఇంటిని వాళ్ళు పెద్దగా పట్టించుకోరు. వెనకవైపే చూస్తారు. అంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇప్పుడే ఇంకేం చెప్పను, ఆశపెట్టి తర్వాత కాదంటే బాగుండదు."

చెప్పక్కర్లేదు కూడా. వెల్డాకు అంతా అర్థమైపోయింది. ఆడదాని శుభ్రం ముందుగదిలో తెలియదు, పొయ్యి వెనకాల తెలుస్తుంది అని వాళ్ళమ్మ చెప్పేది. కమిటీవాళ్ళు కూడా ఆవిడలాంటి వాళ్ళే అన్నమాట.

సోమవారం సరుకులతో క్లీటస్ రాగానే అతని చేతికి పార ఇచ్చింది.

క్లీటస్‌కు అరవై ఎనిమిదేళ్ళు. వంకరగా ఉన్న వస్తువు కంటపడితే సరిచేసేదాకా ఊరుకోలేడు. వాగులోకి తొంగిచూసి టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "ఇదంతా ఎవడు తిన్నాడే తల్లీ!"

"సగం నువ్వే తిన్నావ్. ప్రతి సోమవారం కంచం ముందు దిగబడేది ఎవరు?"

"నేను బీన్స్ తినను."

"తినవు. మింగుతావ్. ఆ బస్తా ఇటు పట్టు."

పొద్దుటి నుంచీ ఇద్దరూ ఒళ్ళు హూనం చేసుకున్నారు. పికప్ ట్రక్కు నిండగానే క్లీటస్ వెళ్ళి జిల్లా చెత్తగొయ్యిలో పారబోసి వచ్చేవాడు. మధ్యాహ్నం దాటాక వాగు అడుగు కనిపించసాగింది. చిన్న చిన్న గులకరాళ్ళతో ముచ్చటగా ఉంది. ఇన్నేళ్ళూ ఈ పని ఎందుకు చెయ్యలేదా అని వెల్డా నొచ్చుకుంది. పై ఒడ్డున ఉన్న పెద్ద బండ వైపు ఆమె రెండడుగులు వేయగానే క్లీటస్ గొంతు సవరించుకున్నాడు.

"అటు వద్దు. గిలక్కాయ పాములుంటాయి."

"ఉంటే కమిటీవాళ్ళ కంటే ముందు నేనే చూడాలి."

"అక్కడేం చెత్త లేదంటున్నానా!"

"లేదని నీకెలా తెలుసు?"

క్లీటస్ పార మొనను శ్రద్ధగా తుడవడం మొదలుపెట్టాడు. వెల్డా బండ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళింది.

బండ కింద గూడులాంటి చోటు ఉంది. అందులో సీసాలు. అన్నీ ఒకే రకం విస్కీ. మూతులు లోపలికీ అడుగులు బయటికీ పెట్టి, చలికాలానికి కట్టెలు పేర్చినట్టు, వరస మీద వరస పేర్చి ఉన్నాయి. కింది వరసలు ఎండకు ఊదారంగు తిరిగి సగం మట్టిలో దిగిపోయాయి. పై వరసలు నిన్న తెచ్చినట్టు మెరుస్తున్నాయి. అన్నిటికీ పైన ఒక సీసా నిటారుగా నిలబడి ఉంది. సగం నిండుగా ఉంది. దాని మూతి మీద ఒక ఆకుపచ్చ గాజు గ్లాసు బోర్లించి ఉంది.

ఆ గ్లాసు వెల్డాది. పెళ్ళికి వాళ్ళ పిన్ని ఇచ్చిన అరడజనులో ఒకటి.

ఓరిన్ తాగుడు మానేస్తానని బైబిలు మీద ప్రమాణం చేస్తేనే వెల్డా పెళ్ళికి ఒప్పుకుంది. చేశాడు. పెళ్ళిరోజు నుంచి చుక్క ముట్టలేదు. ఈ సంగతి సోడా వెల్స్‌లో తెలియనివాళ్ళు లేరు. చర్చిలో మద్యం మాన్పించే ఆడవాళ్ళ సంఘం ఏటా పెట్టే సభలో వెల్డా లేచి, ప్రేమించిన మనిషి కోసం ఒక మగాడు ఒక్క రోజులో ఎలా మారాడో చెప్పేది. ఏటా అదే కథ, ఏటా ముందు వరసలో అవే కన్నీళ్ళు. పాస్టరు గారు ఓరిన్ అంత్యక్రియల్లో కూడా అదే చెప్పారు. శవపేటిక పక్కన క్లీటస్‌కు ఆగకుండా దగ్గు వచ్చింది.

వెల్డా అక్కడున్న చదునైన రాయి మీద కూలబడింది. "క్లీటస్."

"ఊ."

"ఎప్పట్నించి?"

"నేను ట్రక్కు నడపడం మొదలెట్టినప్పట్నించీ నేనే తెచ్చేవాణ్ణి. అంతకుముందు అన్నే తెచ్చుకునేవాడు."

"ఎలా తెచ్చావ్? సరుకులన్నీ దింపుకునేది నేనే కదా."

"పిండి బస్తా కింద."

"నా పిండి బస్తా కిందా?"

"నీ పిండి బస్తా కిందే."

వెల్డా ఆ గ్లాసు వంక చూసింది. "ఆ గ్లాసు నువ్వే పగలగొట్టి దాచేశావని ఇన్నేళ్ళూ నిన్ను తిట్టాను."

"నేనూ పగలగొట్టలేదని ఇన్నేళ్ళూ చెప్పాను."

"ఎక్కడుందో చెప్పలేదు."

"అది నువ్వు అడగలా."

ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. యాభై ఏళ్ళు పక్కన పడుకున్న మనిషి. ప్రతి రాత్రీ పిప్పరమెంటు వాసన. ఆ వాసన తెలిసి కూడా ఆ వాసన కింద ఏముందో తెలుసుకోలేని తన ముక్కు మీద కూడా ఆమెకు కోపం వచ్చింది. క్లీటస్ బస్తా తెరిచి మొదటి సీసా వైపు చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు!"

"ఏమైంది?"

"నేను ముట్టను, నువ్వూ ముట్టడానికి లేదు. తాగినవాణ్ణే లేచొచ్చి తీసుకెళ్ళమను."

క్లీటస్ పాత రేకు ముక్క ఒకటి తెచ్చి గూటికి అడ్డంగా ఆనించాడు. దాని మీద నాలుగు ముళ్ళకంపలు వేశాడు. చూస్తే అక్కడేదో ఉందని ఎవరికీ అనిపించదు. అలాంటి పనులు అతను బాగా చేస్తాడు, ఇంతకుముందు కూడా చేసి ఉంటాడని వెల్డాకు అప్పుడు తట్టింది.

మంగళవారం వాగు ఒడ్డున రాళ్ళు పేర్చి సున్నం వేశారు. కాఫీ డబ్బాలకు రంగు వేసి జెరేనియం మొక్కలు పెట్టారు. నేల మీద దంతెతో గీతలు గీశారు. ఓరిన్ పోయాక వెల్డా మొదటిసారి కాస్త తృప్తిగా అన్నం తింది.

బుధవారం మిస్ టిలెట్ వచ్చింది, మర్నాటి ఏర్పాట్లు చూసుకోవడానికి. నేరుగా వెనక్కి నడిచింది. వెల్డా ఆప్రాన్ సర్దుకుంటూ వెనకే వెళ్ళింది, మెచ్చుకోలు వినడానికి.

"అది... ఎక్కడుందండీ?" అంది మిస్ టిలెట్.

"ఏది?"

"చెత్త."

"తీయించేశాను. మొత్తం. రెండు రోజులు పట్టింది" అంది వెల్డా.

మిస్ టిలెట్ ఒక సున్నం రాయి మీద కూర్చుంది. సున్నం ఇంకా ఆరలేదని వెల్డా చెప్పబోయి, ఆమె మొహం చూసి ఊరుకుంది.

"మిసెస్ రూస్నర్, యాభై ఏళ్ళు దాటిన చెత్త చెత్త కాదండీ."

"మరి?"

"చరిత్ర. చట్టం అలా అంటుంది. గనివాళ్ళు ఏం తిన్నారు, ఎలా బతికారు, ఎప్పుడు మంచి రోజులు, ఎప్పుడు కరువు, అంతా పొరలు పొరలుగా అందులో ఉంది. ఇంత చక్కగా, ఎవరి చెయ్యీ పడకుండా మిగిలిన కుప్ప ఈ పార్కులో ఇంకోటి లేదు. కమిటీ వస్తున్నది దాని కోసమే."

వెల్డా ఆలోచించింది. "నలభై తొమ్మిదేళ్ళదైతే?"

"చెత్తే."

ట్రక్కు పక్కన నిలబడ్డ క్లీటస్ వైపు ఇద్దరూ తిరిగారు. అతను టోపీ తీశాడు. గొయ్యి దగ్గర నిన్ననే బుల్డోజరు తిరిగి చదును చేసిందన్నాడు. వాళ్ళు పని చాలా నీటుగా చేస్తారని కూడా చెప్పాడు.

"ఒక్క మూలయినా మిగల్లేదా?" అని అడిగింది మిస్ టిలెట్. ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపే ఉంది. "చెయ్యి పడనిది ఏదైనా? కదిపి మళ్ళీ తెచ్చి పెట్టినవి పనికిరావండీ. ఉన్నచోట ఉన్నట్టే ఉండాలి. కొంచెమైనా చాలు, వాళ్ళతో వాదిస్తాను."

వెల్డా పెద్ద బండ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు. "ఏం మిగల్లేదు" అంది.

క్లీటస్‌కు దగ్గు వచ్చింది. ఎంతకీ ఆగలేదు. "దుమ్ము" అన్నాడు చివరికి.

మిస్ టిలెట్ జీపు దుమ్ము లేపుకుంటూ కొండ మలుపు దాటిందో లేదో, క్లీటస్ గడప మీద చతికిలబడ్డాడు.

"అది చూపిస్తే ఇల్లు నిలుస్తుంది కదా వెల్డా."

"చూపిస్తే ఊరంతా తెలుస్తుంది. నేను ఏటేటా నిలబడి చెప్పింది అబద్ధమని తెలుస్తుంది."

"నువ్వు అబద్ధం చెప్పలా. నీకు తెలీదు."

"అది ఇంకా పరువు తక్కువ! ఒకే ఇంట్లో ఉండి మొగుడు తాగుతున్నాడని తెలుసుకోలేని దద్దమ్మ ఏ మొహం పెట్టుకుని చర్చికి వెళ్తుంది?"

"నవ్వితే నవ్వుతారు."

"నీకేం, నిన్ను చూసి ఎప్పట్నించో నవ్వుతున్నారు. అలవాటైపోయింది."

క్లీటస్ నొచ్చుకోలేదు. ట్రెయిలర్‌లో పొయ్యి ఒకవైపు వెలగడం లేదనీ, వచ్చేవారం చూస్తాననీ చెప్పి లేచాడు. ఆ వెలగని పొయ్యి మాటకు వెల్డా కళ్ళు ఒక్కసారిగా నిండాయి. అతను చూడకుండా మొహం తిప్పుకుని పింగాణీ కప్పులు ఒక్కొక్కటిగా కాగితంలో చుట్టడం మొదలుపెట్టింది.

గురువారం కమిటీ వచ్చింది. ముగ్గురు. వాళ్ళలో పెద్దాయన పేరు హేవర్‌క్యాంప్. ఎండుకట్టెలా పొడుగ్గా ఉన్నాడు, మాట్లాడేముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. మిస్ టిలెట్ దారిలోనే జరిగింది చెప్పేసినట్టుంది. అయినా మర్యాద కోసం వాగు ఒడ్డున వరసగా నిలబడి, దంతె గీతలనూ జెరేనియం మొక్కలనూ చూశారు.

"చాలా శుభ్రంగా ఉంది" అన్నాడు హేవర్‌క్యాంప్. చావు పరామర్శకు వచ్చినవాళ్ళ గొంతు అది.

తర్వాత వంటింట్లో, వెల్డా పీచ్ పండ్లు పెట్టి కాల్చిన రొట్టె తిన్నారు. రొట్టె బావుందన్నారు. ఇంటి గురించి ఎవరూ ఏమీ అనలేదు. బయట క్లీటస్ ఖాళీ అట్టపెట్టెలు ట్రక్కులోంచి దింపుతున్నాడు. గోడ మేకుకు ఓరిన్ టోపీ వేలాడుతోంది. వెల్డా అందరికీ ఇంకోసారి కాఫీ పోసింది. అక్టోబరు ఆఖరు దాకా ఉండొచ్చని మిస్ టిలెట్ మెల్లిగా గుర్తుచేసింది. వెల్డా తలూపింది.

గుమ్మం దాటబోతూ హేవర్‌క్యాంప్ ఆగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఏదో ఒక మంచిమాట చెప్పి వెళ్దామనుకున్నాడు పాపం.

"మీ ఆయన గురించి ఊళ్ళో విన్నానమ్మా. మీకిచ్చిన మాట కోసం ఒక్క రోజులో తాగుడు మానేశారట. పోయేదాకా ముట్టలేదట. అలాంటి మనుషులు అరుదు."

"మానలేదు" అంది వెల్డా.

అనేశాక గానీ తనే అన్నానని ఆమెకు తెలియలేదు. ట్రక్కు దగ్గర ఒక అట్టపెట్టె కిందపడిన చప్పుడైంది.

"ఒక్క రోజు కూడా మానలేదు. రండి, చూపిస్తాను."

ముందు ఆమె, వెనక కమిటీ, ఆ వెనక ఒళ్ళంతా చెవులు చేసుకుని మిస్ టిలెట్, అందరికంటే వెనక క్లీటస్ బండ దాకా నడిచారు. ముళ్ళకంపలు వెల్డాయే లాగిపారేసింది. రేకు పక్కకు నెట్టింది. తర్వాత చేతులు ఆప్రాన్‌లో ముడుచుకుని అటు తిరిగి నిలబడింది.

మిస్ టిలెట్ బోర్లా పడుకుని, జేబులోంచి చిన్న కుంచె తీసి, అట్టడుగు వరసలో సీసా అడుగున మట్టి దులిపింది. తయారైన ఏడాది గాజు మీదే ఉబ్బెత్తుగా ఉంటుందట.

"నలభై నాలుగు" అంది మిస్ టిలెట్. "దీని పక్కది నలభై అయిదు. ఇదీ నలభై అయిదు. పై వరస నలభై ఆరు. సార్, ఏదీ వరస తప్పలేదు. ఏడాది మీద ఏడాది పేర్చుకుంటూ వచ్చాడు. ఇందులో ఎవరి చెయ్యీ పడలేదు."

"నెల ఉంటుందా?" అని అడిగింది వెల్డా, అటు తిరిగే.

"నెల ఉండదండీ."

"ఫరవాలేదు. మా పెళ్ళి నలభై నాలుగు నవంబరులో."

క్లీటస్ గొంతు సవరించుకున్నాడు. "అది సీసా తయారైన ఏడాది వెల్డా. తాగింది తర్వాతేమో."

"నువ్వు వాణ్ణి వెనకేసుకు రాకు."

హేవర్‌క్యాంప్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఇవి ఎవరివో, ఇక్కడ ఎందుకు పెట్టారో తెలిసినవాళ్ళు నోటితో చెప్పాలనీ, లేకపోతే ఇవి ఉత్త సీసాలే అవుతాయనీ అన్నాడు. చాలా సౌమ్యంగానే అన్నాడు. వెల్డా ఇటు తిరిగింది.

"మా ఆయనవి. ఓరిన్ రూస్నర్. గని కాపలాదారు. తాగనని నాకు మాటిచ్చాడు. గని తాళం చూసొస్తానని రోజూ సాయంత్రం ఇక్కడికొచ్చి తాగేవాడు. నాకు తెలియదు. సోమవారం తెలిసింది." క్లీటస్ వైపు చెయ్యి చూపి, "ఇదిగో, సరుకు తెచ్చింది ఈయన" అంది.

క్లీటస్ టోపీ తీసి అందరికీ నమస్కారం చేశాడు.

ఒక్క మనిషి, ఒక్క చోట, మధ్యలో తెగకుండా ఇన్నేళ్ళ గుర్తు, పక్కనే గని, ఎదురుగా అతను కాపురమున్న ఇల్లు. అన్నీ కలిపి చూస్తే వ్యవహారం నిలబడుతుందని కమిటీ తేల్చింది. వెళ్ళేముందు మిస్ టిలెట్ వెల్డా చేతులు రెండూ పట్టుకుంది.

"యాభై ఏళ్ళు దాటి ఏడాదన్నా కాలేదండీ. మీ ఆయన రెండేళ్ళు మాట నిలబెట్టుకుని ఉంటే మనకి చాలేది కాదు."

అది ఓదార్పు అనుకోవాలో ఏమనుకోవాలో వెల్డాకు తెలియలేదు. అంత కోపంలోనూ ఓరిన్‌ను మెచ్చుకోక తప్పలేదు. ఇంటి కాగితంలో పేరు రాయించకపోయినా, ఇల్లు మాత్రం తన పద్ధతిలో ఏర్పాటు చేసి పోయాడు.

సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. ఇల్లు పడగొట్టడానికి లేదు, కిటికీలు మార్చడానికి లేదు, వెల్డా కాపలాగా ఉండొచ్చు. క్లీటస్ కప్పులు విప్పి అలమరలో పెట్టాడు, అన్నీ ఒకే వైపు తిరిగి ఉండేలా. బండ చుట్టూ తాడు కట్టారు. పక్కన పలక పెట్టారు. 'కాపలాదారు దాచిన సీసాలు. 1944–1995. ఏదీ కదపరాదు.'

పలక పడ్డ వారానికే చర్చి ఆడవాళ్ళు వ్యాన్ వేసుకుని వచ్చారు. సంఘం అధ్యక్షురాలు మిసెస్ ఆప్‌డైక్ పలక రెండుసార్లు చదివి, సీసాల వైపు చూసి, వెల్డా వైపు చూసింది. వెల్డా తప్పుకోలేదు, తలదించుకోలేదు.

"ఈసారి సభలో నువ్వు మాట్లాడతావా వెల్డా?" అంది మిసెస్ ఆప్‌డైక్ జాలిగా.

"ఎందుకు మాట్లాడను? కథ అదే. చివర మాత్రం మారింది."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వెల్డాకు కూడా నవ్వొచ్చింది. ఇన్ని నెలల్లో అదే మొదటిసారి.

అందరూ వెళ్ళాక, తాడు చూడ్డానికి వచ్చిన మిస్ టిలెట్‌ను వెల్డా ఎప్పుడూ అడిగే మాటే మళ్ళీ అడిగింది. "ఆ గ్లాసు నాదమ్మాయ్. ఇంట్లో అయిదే ఉన్నాయి."

"తెలుసండీ. కదపకూడదు."

"కడిగి మళ్ళీ పెట్టేస్తాను."

"కడగకూడదు కూడా."

ఆ సాయంత్రం వెల్డా ఓరిన్ టోపీ పెట్టుకుని గని తాళం చూడ్డానికి బయల్దేరింది. ఇప్పుడది ఆమె ఉద్యోగం. తాళం చూడ్డానికి అర నిమిషం పట్టింది. తిరిగొస్తూ బండ దగ్గర ఆగి, తాడుకు ఇవతలున్న చదునైన రాయి మీద కూర్చుంది. ఆప్రాన్ జేబులో అరడజనులో మిగిలిన గ్లాసొకటి ఉంది. ఫ్లాస్కులోంచి అందులోకి కాఫీ పోసుకుంది.

అప్పుడు చూసింది. ఆ రాయి మీద కూర్చుంటే బండ పక్క నుంచి ఎదురుగా కనిపించేది గని కాదు, కొండలు కాదు, తన వంటింటి కిటికీ. వెలిగించి వచ్చిన దీపం, పొయ్యి మీద కెటిల్, బల్ల మీద సగం కోసిన రొట్టె, అన్నీ చేతికందేటట్టు ఉన్నాయి. అక్కడ తిరిగే మనిషి మొహంలో విసుగు కూడా కనిపించి ఉండాలి.

"ఇక్కణ్ణుంచి రోజూ నన్నే చూస్తూ కూర్చున్నావురా, దొంగమొహమా" అంది పైకే. ఇంకా తిడదామని సగం నిండిన సీసా వైపు తిరిగింది. మిగతా సగం మర్నాటికని ఉంచుకున్నాడు కాబోలు.

కాఫీ అయిపోయాక గ్లాసు దులిపింది. తాడు మీంచి చెయ్యి చాపి దాని జత పక్కన బోర్లిస్తే ఎవరూ చూసేవాళ్ళు లేరు. కానీ అక్కడ కొత్తగా ఏది పెట్టినా యాభై ఏళ్ళ దాకా చెత్తే. కాపలాదారు తనే చెత్త వేస్తే ఏం బావుంటుంది? గ్లాసు మళ్ళీ జేబులో వేసుకుని ఇంటికి వచ్చి, కడిగి, తుడిచి, వంటింటి కిటికీలో బండ దగ్గర్నుంచి చూస్తే కనబడేచోట బోర్లించింది.